గుమ్మం దాటని టాఫీ

విన్నీ ఓల్డ్‌రాయిడ్ మాటంటే మాటేనని వీధి వీధంతా ఒప్పుకునేది. ఊళ్లో గని నడిచినన్నాళ్లూ అక్కడి క్యాంటీన్‌లో గరిటె తిప్పిన మనిషి. బూట్లు తుడుచుకోకుండా లోపలికొస్తే మేనేజరుకైనా సరే సూపు పోసేది కాదు. పెళ్లయిన కొత్తలో మొగుడు ఎల్లిస్ కుందేళ్ల వేటకు పెంచే ఫెర్రెట్ అనే చిన్న జంతువును చంకన పెట్టుకుని వంటింటి వైపు వస్తుంటే తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆ కంపు జంతువు గుమ్మం దాటి లోపలికొచ్చిందా, నేను గుమ్మం దాటి బయటికి పోతా. తర్వాత నీ ఇష్టం!"

ఎల్లిస్ పెరట్లో చెక్క గూడు కట్టాడు. కుందేళ్ల వేట మరిగినవాడు కాబట్టి ఒక ఫెర్రెట్ పోతే ఇంకోటి తెచ్చుకున్నాడు. ఏళ్లు గడిచాయి, గని మూతపడింది, విన్నీ మాట మాత్రం చెక్కుచెదరలేదు.

అదీ వీధి నమ్మకం. టాఫీ అనే ఫెర్రెట్ వచ్చాక జరిగింది వేరు.

టాఫీ ముంగిసలాగా సన్నగా, పొడుగ్గా, మీగడ రంగులో ఉండేది. కిందటి చలికాలం ఒక శుక్రవారం సాయంత్రం ఎల్లిస్ డొమినోలు ఆడటానికి క్లబ్బుకు వెళ్లాడు. గూట్లో నీళ్లు గడ్డకట్టాయేమో చూద్దామని వెళ్లిన విన్నీ స్వెటర్ చేతిలోకి టాఫీ దూరిపోయింది. మోచేయి దగ్గర ముడుచుకుని నిద్రపోయింది. దాన్ని లేపడానికి విన్నీకి మనసొప్పలేదు. అంతే, ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ నిప్పు పక్కన ఆవిడ ఒళ్లో టాఫీ, స్పూన్‌తో గుడ్డు పచ్చసొన. ఎల్లిస్ వచ్చే వేళకు దాన్ని గూట్లో పెట్టేసి, వాసన తెలియకుండా ఉల్లిపాయలు వేయించేది.

"శుక్రవారమొస్తే ఈ కొంపలో ఉల్లిపాయలు తప్ప ఇంకేమీ ఉండవా?" అని ఎల్లిస్ గొణిగేవాడు.

"నచ్చకపోతే క్లబ్బులోనే తినిరా," అనేది విన్నీ.

ఇలా ఉండగా ఒక శనివారం ఎల్లిస్ టాఫీని పాత రైలుకట్ట మీదికి తీసుకెళ్లాడు. బొరియలకు వలలు కట్టి దాన్ని లోపలికి వదిలాడు. కుందేళ్లు బెదిరి వచ్చి వలలో పడ్డాయి. వాటి వెనకే రావలసిన టాఫీ రాలేదు. ఇలాంటప్పుడు అక్కడివాళ్లు చేసేది ఒకటే. తొడుక్కున్న కోటు విప్పి బొరియ ముందు పరిచి ఇంటికి వెళ్లిపోతారు. ఫెర్రెట్ బయటికొచ్చి, తనవాళ్ల వాసన పట్టుకుని ఆ కోటులోనే పడుకుంటుంది. ఎల్లిస్ కూడా కోటు పరిచి చలికి వణుకుతూ ఇల్లు చేరాడు.

తెల్లవారి వెళ్లి చూస్తే కోటు ఉంది, టాఫీ లేదు. కోటు తొడుక్కుని ఈసారి మఫ్లర్, టోపీ వదిలి వచ్చాడు. లాభం లేకపోయింది.

"వదినా, ఇంకో రెండ్రోజులాగితే నీ మొగుడు ప్యాంటు కూడా అక్కడే విడిచొస్తాడు," అన్నాడు పక్కింటి డెన్నిస్. విన్నీ నవ్వింది కానీ ఆ నవ్వు పెదవి దాటలేదు.

ఎల్లిస్ భోజనం ముట్టుకోలేదు. "నా వాసనంటే దానికి ప్రాణమే. బతికుంటే వచ్చుండేది," అన్నాడు నెమ్మదిగా.

ఎవరి వాసనంటే దానికి ప్రాణమో విన్నీకి తెలుసు. తన స్వెటర్ ఆ బొరియ దగ్గరికి వెళ్లిందంటే ఇన్నేళ్లు నిలబెట్టుకున్న మాట గంగలో కలిసినట్టే. వెళ్లకపోతే ఆ కట్ట మీద నక్కలున్నాయి. మర్నాడు ఎల్లిస్ బయల్దేరుతుంటే స్వెటర్ తెచ్చి మొహాన విసిరినంత పని చేసింది.

"నేలంతా తడిగా ఉంది. మోకాళ్ల కింద వేసుకుని కూర్చో. ఎటూ పారేసేదే."

ఎల్లిస్ ఆ స్వెటర్ వైపు చూశాడు. మడిచి చంకలో పెట్టుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం కాకముందే వీధిలో ఒకటే గోల. ఎల్లిస్ ఒళ్లంతా బురదతో వస్తున్నాడు, కోటు గుండీల మధ్యనుంచి టాఫీ తల బయటపెట్టి చూస్తోంది. విన్నీకి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా? నా కోటు వాసన పట్టుకుని ఎలా వచ్చిందో!" అన్నాడు ఎల్లిస్, అందరికీ వినిపించేలా.

విన్నీ పళ్లు బిగబట్టింది.

"ఇంకొకళ్ల దగ్గరికి పోనే పోదు. నా ఒళ్లోనే కదా పెరిగింది!" అన్నాడు ఎల్లిస్ మళ్లీ.

"నీ ఒళ్లోనా? నీ మొహం!" విన్నీ ఇక ఆగలేకపోయింది. "గుడ్డు పచ్చసొన స్పూన్‌తో పెట్టిందెవరు? నిప్పు పక్కన నా ఒళ్లో కాక ఎవరి ఒళ్లో పడుకుందట? నీ కోటు కాదు, నా స్వెటర్ చూసి వచ్చింది నా తల్లి!"

వీధంతా విన్నీ వైపు తిరిగింది.

"ఏ నిప్పు పక్కన వదినా?" అన్నాడు డెన్నిస్ మెల్లగా.

"ఫెర్రెట్ ఎత్తుకెళ్లి దాచినట్టు నా సాక్సులన్నీ సోఫా కిందికి ఎలా చేరుతున్నాయా అని నేనూ ఏడాదిగా ఆలోచిస్తున్నాలే," అన్నాడు ఎల్లిస్.

విన్నీ మొహం కందగడ్డయింది. గబగబా వచ్చి మొగుడి కోటులోంచి టాఫీని లాక్కుని, లోపలికి వెళ్లి ధడాలున తలుపేసుకుంది.

ఎల్లిస్ తలుపు తట్టాడు. "ఏమేవ్! అది లోపలికొస్తే నువ్వు కదే బయటికి పోతానన్నావు? నేనున్నానేంటి బయట?"

లోపల ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

"ముందా బూట్లు తుడుచుకో."