కంప్యూటర్‌కు నచ్చని నా కొత్త ‘చ’

ఆ రోజుల్లో మా కొండల్లో ఆడపిల్ల చంకలోకి తమ్ముడు ఎక్కాడంటే చేతిలోంచి పలక దిగిపోయేది. నాకు తమ్ముళ్ళు వరసగా పుట్టుకొచ్చారు. ఆఖరివాడు నడక నేర్చేసరికి నాకు పెళ్ళయింది, ఆ తర్వాత చంకలో నా పిల్లలు. అందుకే నేను పెద్దవాళ్ళ రాత్రిబడిలో అ ఆలు దిద్దింది మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్న ఏడాది. (పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు గోడకు ఆనించిన పలక చూసి, “అమ్మాయి చదువుతోందా?” అని అడిగితే, “కాదండీ, అమ్మాయి వాళ్ళమ్మ” అని మా ఆయన తల దించుకుని చెప్పాడు.) అక్షరాలు వచ్చినా, ఒక సంగతిని మొదలుపెట్టి చివరిదాకా రాసే చెయ్యి ఇప్పుడిప్పుడే కుదిరింది. అప్పటిది ఇప్పుడు రాయడం అందుకే.

ఆ ఏడాదే కాఫీ పండించే మా ఆడవాళ్ళ సంఘానికి ఒక కంప్యూటర్ ఇచ్చారు. అరకు నుంచి జీపులో, బాలింతను తెచ్చినట్టు దుప్పటి చుట్టి, కుదుపు తగలకుండా తెచ్చారు. నేర్పడానికి ఒక మేడమ్ వచ్చింది. మాది ఆమెకు బొత్తిగా తెలియని ప్రాంతం. బడిలో అందరికంటే ముందు పలక పట్టినదాన్నని నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. మీటల మీది ఇంగ్లీషు అక్షరాలు ఆమే నేర్పింది. “దీనికి తాళంలాగా ఒక రహస్యం మాట పెట్టాలి. నువ్వు ఎప్పటికీ మర్చిపోనిది చెప్పు” అంది. మేము రాగులను చోళ్ళంటాం. రోజూ పొద్దున్నే కడుపులో పడేది ఆ చోడంబలే కాబట్టి అదే చెప్పాను. ఆమె ఎన్నడూ వినని మాట. మళ్ళీ మళ్ళీ నాచేత అనిపించుకుని, విన్నది విన్నట్టు మీటలు నొక్కింది. తెర మీద మాటకు బదులు చుక్కలు పడ్డాయి. అప్పటినుంచి రోజూ పెట్టె తెరిచేది ఆమే. నేను తర్వాత కూర్చుని నా పేరు కొట్టుకుని మురిసిపోయేదాన్ని.

ఈలోగా బడిలో పంతులమ్మ మా నోళ్ళు బాగుచేసే పని పెట్టుకుంది. మా వైపు నోళ్ళలో ‘చ’ నిలవదు. చేప సేప అవుతుంది, చెట్టు సెట్టు అవుతుంది. “నాలుక పైకి అంటించమ్మా. చ, చ” అని ఆవిడ అంటే, కోళ్ళను అదిలిస్తున్నట్టు గుంపంతా చ చ అనేవాళ్ళం. ఆ అక్షరం అందరికంటే ముందు నాకే పట్టుబడింది. ఇక నేను ఎవరినీ వదల్లేదు. అన్నం తింటున్న మా ఆయన్ని దిద్దాను, సంతలో బేరమాడుతూ దిద్దాను. మా అత్త ఒక్కతే లొంగలేదు. “నీ సదువు నీకాడే ఎట్టుకోయే. సింతపండు సింతపండే. నువ్వు ఎలగన్నా పులుపేటి తగ్గిపోదు” అనేసింది.

అలాంటి రోజుల్లో మేడమ్ పెళ్ళికని సెలవు పెట్టి వాళ్ళ ఊరు వెళ్ళింది. వెళ్తూ, “మాట నీదే కదా, గుర్తుందిగా?” అంది. “చోడంబలి మర్చిపోతానా మేడమ్!” అన్నాను. ఆమె వెళ్ళీ వెళ్ళగానే, కంప్యూటర్ ఇచ్చిన ఆఫీసు నుంచి సారు జీపులో దిగాడు. “ఏదమ్మా, తెరిచి చూపించు” అన్నాడు. నేను కొంగు సర్దుకుని, పంతులమ్మ మెచ్చుకునే ‘చ’కు ఏ రెండు మీటలు కావాలో అవి వెతికి, మాటంతా కొట్టాను. పెట్టె టంగుమంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ టంగుమంది. సారు గడియారం చూసుకున్నాడు. “నేను పై తోటలు చూసి సాయంత్రం దిగుతాను. అప్పటికి తెరవలేకపోతే జీపులో ఎక్కించేస్తా. హుకుంపేట సంఘం వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు” అని కొండెక్కాడు.

పోతే పెట్టె ఒక్కటే పోదు. ‘పిల్లకి పెళ్ళి సెయ్యాల్సిన వయసులో దీనికి మీటలేటి?’ అన్నవాళ్ళందరి మాటా నెగ్గుతుంది. మేడమ్‌ని అడుగుదామంటే మా కొండల మీద ఫోను పలకదు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీ వదిలి, వదలకుండా కొట్టాను. టంగు, టంగు. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు.

“పక్కన ఒక్కటివ్వు వదినా. మా రేడియో అలగే పలుకుద్ది” అంది ఒకామె.

“దానికి పసుపెట్టి ఎన్నాళ్ళయినాది? అలిగినాదేమో” అంది మా తోడికోడలు.

చర్చికి వెళ్ళే ఒకామె అప్పటికే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె ఆమెన్ అనగానే కొట్టి చూశాను. టంగుమంది. “నీలో ఇశ్వాసం సాల్లేదు వదినా” అని తప్పు నా మీదే పెట్టింది.

పొద్దు కొండ వెనక్కి జారుతోంది. జీపు డ్రైవరు, అడగకుండానే, వెనక సీటు మీద దుప్పటి పరిచాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడే మా అత్త గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“ఏటే, పొద్దున్ననగా కూకున్నావు, ఏటి సేత్తన్నావే? సోడంబలి సల్లారిపోతంది. బేగి తాగు.”

అంత ఏడుపులోనూ నా నోరు ఊరుకోలేదు. “సోడంబలి కాదత్తా, చోడంబలి. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఓలమ్మ! నాకు సెప్తన్నాదండీ! ఈ మద్దెనే వచ్చినాది నీకీ చా. మొన్నటిదాకా సోడంబలెట్టత్తా, సోడంబలెట్టత్తా అని నా ఎనకాల తిరగలేదేటి?”

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. మేడమ్‌కి ఆ మాట చెప్పిన రోజుకి నా నోట్లో ‘చ’ లేదు. ఆమె విన్నది విన్నట్టే నొక్కింది. ‘స’ మీట కోసం వేలు గాలిలో కాసేపు తిరిగింది. సోడంబలి అని కొట్టాను. టంగు లేదు. సన్నగా పాట వినిపించి, తెర మీద పచ్చటి కొండ, నీలాకాశం పరుచుకున్నాయి. అందరూ ఓ అని అరిచారు. మా అత్త వంగి చూసి, “దీనికేటి ఇంత గోల? కిటికీ తీత్తే కనబడదేటి కొండ?” అంది.

కేక విని సారు తోటలోంచి పరుగున దిగాడు. తెర చూసి, “శభాష్! ఇంతకీ ఏమిటమ్మా ఆ మాట?” అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. “సోడంబలి బాబూ!” సారు తల పట్టుకున్నాడు. “అయ్యో, అది ఎవరికీ చెప్పకూడదమ్మా!” “అడిగినోడివి నువ్వే కదయ్యా” అంది అత్త. సారు నవ్వాపుకుని, “రేపే మార్చెయ్యి. కొత్తది నీ ఒక్కదానికే తెలియాలి” అని నాకు గట్టిగా చెప్పి, డ్రైవరు చేత దుప్పటి మడత పెట్టించాడు.

రాత్రి పడుకుని ఆలోచించాను. నా ఒక్కదానికే తెలియబట్టే కదా పెట్టె హుకుంపేట దారి పట్టబోయింది! మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, కొంగు నడుముకు దోపుకుని గడప గడపకూ తిరిగాను. లేపి మరీ ఆ పాత మాటే చెప్పాను, తిరిగి వాళ్ళచేత చెప్పించుకున్నాను. రహస్యాన్ని ఊరంతటికీ వల్లె వేయించిన అప్పటి నాలోని ఆ పిచ్చి మనిషి ఇప్పుడు ఎదురైతే కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకోవాలనిపిస్తుంది. ఆఖరి ఇంట్లో బడిలో నా పక్కన కూర్చునే ముసలమ్మ కళ్ళు నులుముకుని, నాలుక జాగ్రత్తగా పైకి అంటించి, “చోడంబలి” అంది.

“అలగ కాదు పిన్నీ” అన్నాను. “స అను. స.”