మగ్గం గుంత ఉన్న ఇల్లు

1961లో నేను ధర్మవరంలో ఇళ్ల బ్రోకరుగా పనిచేస్తున్నాను. ఆ వేసవిలో కంబదూరు నుంచి లక్ష్మక్క అనే ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి. వానల్లేక మూడేళ్లు వరుసగా వేరుశనగ పోవడంతో చేను అమ్మేసింది. భర్తకు చూపు తగ్గిపోయింది. ఆ డబ్బుతో ఒక ఇల్లు కొని, దాని బాడుగతోనే ఇద్దరూ బతకాలని ఆమె ఆలోచన.

మొదట బస్టాండు దగ్గరి కొత్త ఇల్లు చూపించాను. సిమెంటు గచ్చు, పెద్ద కిటికీలు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కూడా తెప్పించి ఉంచాను. ఆ ఇంటి మీద తాకట్టు ఏదీ లేదని రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే కాగితం అది. బాడుగకు చేరడానికి తాలూకాఫీసు గుమాస్తా ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. ఇంతకంటే మంచి బేరం ఉండదనుకున్నాను.

లక్ష్మక్క గచ్చు వంక చూడనే లేదు. నేరుగా పెరట్లోకి పోయి, బావిలోంచి చేదతో నీళ్లు తోడి, నోట్లో పోసుకుని ఉమ్మేసింది. గోడ అవతల గిన్నెలు తోముతున్న ఇల్లాలిని పలకరించింది.

"తాగేనీళ్లు యాడ తెచ్చుకుంటారమ్మా?"

"రెండు వీధులు దాటి పోవల్లక్కా. ఎండాకాలమైతే ఇంకా దూరం."

తర్వాత నేతగాళ్లుండే సాలెవీధిలో ఒక పాత మట్టి మిద్దె చూపించాను. ముందు గదిలో నేలలోకి తవ్విన మగ్గం గుంత ఉంది. నేతగాడు అందులోకి కాళ్లు దించి కూర్చుని నేస్తాడు. నాకు అది ఇంటికి పెద్ద లోపంగా కనిపించింది.

"గుంత పూడ్పించి గచ్చు చేయిద్దామక్కా, ఉద్యోగస్తులు వస్తారు" అన్నాను.

"పూడ్చేదెందుకప్పా? గుమాస్తాకు బదిలీ అయితే పెట్టె ఎత్తుకొని పోతాడు. మగ్గం బిగించుకున్నోడు యాడికి పోతాడు?"

"చీరలు అమ్ముడుపోని నెల బాడుగ ఆగిపోతుంది, ఆలోచించు."

"ఒక నెల ఆగితే ఇంకో నెల ఇస్తాడు. చేను పండకుంటే నేను మాత్రం ఏం చేస్తి? బాయి నీళ్లు తియ్యగుండాయి. ఇదే తీసిపెట్టు."

అలా ఆ ఇల్లు కొనింది. నరసింహులు అనే పట్టుచీరల నేతగాడు భార్యాపిల్లలతో చేరాడు.

మరుసటి ఏడు ఎన్నడూ లేనంత వాన కురిసింది. మగ్గం గుంతలోకి నీళ్లు దిగాయి. వీధి గోడ నిలువునా నెర్రె ఇచ్చింది. నేను కార్డు రాస్తే లక్ష్మక్క బస్సెక్కి వచ్చింది. ఉన్నదంతా పెట్టి కొనుక్కున్న ఇల్లు. ఆమె ముఖం చూడాలంటే నాకే భయం వేసింది.

నరసింహులు మగ్గం మీది పడుగు దారాలను తడవకుండా పైకెత్తి దూలానికి కట్టుకుని ఉన్నాడు. ఆమెను చూడగానే చేతులు కట్టుకున్నాడు.

"నా గుంత వల్లే గోడ పోయిందేమోనక్కా. ఖాళీ చెయ్యమంటే చేస్తా. పడుగు మీద ఇంకా రెండు చీరలుండాయి, అంతవరకూ ఆగు."

లక్ష్మక్క బయటికి పోయి ఇంటిచుట్టూ తిరిగింది. మిద్దె మీది వాననీళ్లు కిందికి వచ్చే గొట్టం కింద కూర్చుని, చేత్తో మట్టి తవ్వి చూసింది.

"గుంతది కాదప్పా తప్పు. మిద్దె నీళ్లన్నీ గోడ మొదట్లోనే పడతాండాయి. కొనేటప్పుడు బాయి చూసినా గాని, ఇది చూసుకోలేదు. నువ్వు యాడికీ పోవద్దు."

నేనూ చూసుకోలేదు. సిగ్గేసింది. నాకు తెలిసిన మేస్త్రీని ఆ పూటే పిలుచుకొచ్చాను. లక్ష్మక్క వారం రోజులు ఆ ఇంట్లోనే ఉండి మట్టి అందించింది. నరసింహులు, పక్కింటి నేతగాళ్లు రాళ్లు మోశారు. నరసింహులు భార్య అందరికీ రాగిసంగటి వండింది. గొట్టం పొడుగు చేశారు, గోడ మొదట్లో రాతిబండలు పరిచారు. గుంత ఆరగానే మగ్గం మళ్లీ ఆడింది.

నేను ఊరు మారేదాకా నరసింహులు ఆ ఇంట్లోనే ఉన్నాడు. బాడుగ ఒకటి రెండుసార్లు ఆలస్యమైందట, ఎగ్గొట్టింది మాత్రం లేదు. బస్టాండు ఇంట్లో మాత్రం ఏ వేసవిలోనూ ఎవరూ నిలవలేదు.

ఆ తర్వాత నా పని తీరు మారింది. ఇల్లు చూపించే ముందే పక్కింటి ఆడవాళ్లను నీళ్ల సంగతి అడిగేవాణ్ని. మిద్దె నీళ్లు ఎటు పోతున్నాయో చూసేవాణ్ని. బాడుగకు వచ్చినవాణ్ని జీతమెంతని కాకుండా, ఈ వీధిలో నీకేం పని ఉందని అడగడం నేర్చుకున్నాను.