వాల్తేరు బాబు వాళ్ల ఊరి నీళ్లు

1968 ఎండాకాలం. నేను కళింగపట్నం వైపు ఒక బ్లాకులో ఓవర్సీరుగా ఉండేవాణ్ణి. ఓవర్సీరంటే ఇంజనీరుకి కింద, మేస్త్రీకి పైన. తిట్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. కల్వర్టులు, బడి గదులు, మంచినీళ్ల నూతులు మా పని. సర్వీసులో ఎన్నో నూతులు తవ్వించాను, చాలావాటి ఊళ్ల పేర్లు కూడా మరిచిపోయాను. పెద్దదిబ్బపాలెం నీళ్ల రుచి మాత్రం ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

అది వంశధార సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎడంగా ఉండే జాలర్ల ఊరు. ఊరంటే ఒక పొడుగాటి ఇసకదిబ్బ. తూర్పున సముద్రం, పడమట ఉప్పుటేరు, మధ్యలో సరుగుడు తోపులు, తాటాకు ఇళ్లు. ఎటు చూసినా నీళ్లే, తాగడానికి గుక్కెడు ఉండవు. ఆడవాళ్లు దిబ్బ పల్లంలో చెలమలు తవ్వి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో పైపైన ముంచి కుండలు నింపేవారు. ఒక కుండ నిండేసరికి నడుం పడిపోయేది.

ఎండలు ముదిరితే చెలమల్లో ఊట తగ్గేది. అప్పుడు ఏరు దాటి రైతుల ఊరి నూతికి పోవాలి. దూరం పెద్ద బాధ కాదు. అక్కడ వీళ్లు గట్టెక్కి తోడుకోకూడదు. కింద నిలబడి, ఎవరైనా దయతలిచి పోస్తే పట్టుకోవాలి. మా జాలర్ల ఊరి కులపెద్ద అప్పన్న. అతని అక్క పోలమ్మ గంపతో చేపలమ్మేది. ఈ సంగతి నాకు చెప్పింది ఆవిడే.

"సేపలు కొన్నపుడు మా సేతులు నీసు కంపు కొట్టవు బాబూ. నీల్లకెల్తేనే కొడతాయి," అంది.

ఆ రోజుల్లో అమెరికా నుంచి చదువు ముగించిన కుర్రాళ్లు మన పల్లెల్లో కొన్నాళ్లు ఉచితంగా పనిచేయడానికి వచ్చేవారు. మా బ్లాకుకి వచ్చినవాడి పేరు వాల్టర్. ఆ పేరు చెప్పగానే జాలర్లు దాన్ని తమకు తెలిసిన ఊరి పేరుగా మార్చేసుకున్నారు. అప్పటినుంచి అతను వాల్తేరు బాబు. ఆరడుగుల పైన మనిషి, ఎండకి ఉడికిన రొయ్యలా ఎర్రబడేవాడు, సైకిలెక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కి తగిలేవి. తెలుగు నేర్చుకునే వచ్చాడు. కాకపోతే వాక్యం మొదలుపెట్టి క్రియ దాకా చేరేసరికి మనం ఒక బీడీ కాల్చి పారేయొచ్చు.

మొదటిసారి పెద్దదిబ్బపాలెం తీసుకెళ్తే, దిబ్బ ఎక్కి అటు సముద్రాన్నీ ఇటు ఏటినీ చూసి, "ఇది మా ఊరు," అన్నాడు. వడదెబ్బ తగిలిందనుకున్నాను. అతని ఊరి పేరు విన్‌లో పాయింట్ అట. అదీ ఇలాగే ఒక వైపు సముద్రం, ఇంకో వైపు అఖాతం ఉన్న సన్నటి ఇసకపట్టీ అట. అయితే అది వేసవి విడిది. పట్నాల నుంచి జనం ఎండాకాలం గడపడానికి అక్కడికి వస్తారు. ఆ వివరాలన్నీ అప్పుడు నేను సగం చెవితోనే విన్నాను. నా ధ్యాసంతా బోరు మీద ఉంది.

మా ఎ.ఇ. గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, చురుకైన మనిషి. ఊరికి ఒకే లోతు బోరు, దానికి ఆయిల్ ఇంజను, కుళాయిలు అని ప్లాను మంజూరు చేయించారు. బోరు దింపి, అడుగున స్ట్రెయినర్ పెట్టాం. అది సన్నటి చీలికలున్న గొట్టం, నీటిని రానిచ్చి ఇసకను ఆపుతుంది. తర్వాత టెస్ట్ పంపింగ్. ఇంజను ఆపకుండా తోడుతూ లోపల నీటిమట్టం ఎంత దిగుతుందో చూడటమన్నమాట. మట్టం పెద్దగా దిగలేదు, నీళ్లు తియ్యగా ఉన్నాయి. పుస్తకాల ప్రకారం అంతకన్నా మంచి బోరు ఉండదు.

ఊళ్లో పండగే చేశారు. ఇంజనుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. పోలమ్మ కుళాయి కింద కుండ పెట్టి, అది నిండి పొర్లుతున్నా కట్టకుండా చూస్తూ నిలబడింది.

"ఒరే అప్పన్నా, ఇంక ఆల్ల గట్టు కాడికి ఎల్లక్కర్లేదురా," అంది.

నెల తిరక్కుండానే ఆవిడ నా క్యాంపుకి వచ్చింది. గంప దించి, "బాబూ, గెంజిలోన ఉప్పెయ్యకుండానే ఉప్పగున్నాది," అంది.

ఎ.ఇ. గారికి కబురు చేస్తే, కొత్త బోరు కదా, ఇంకా బాగా తోడించు, శుభ్రపడుతుంది అన్నారు. బురద నీళ్లయితే ఆ మాట నిజమే. ఇది బురద కాదు. తోడించినకొద్దీ ఉప్పదనం పెరిగింది. క్లోరైడ్ పరీక్ష అని ఒకటుంది. నీటిలో సిల్వర్ నైట్రేటు చుక్కలు వేస్తే, ఉప్పు ఉన్న మేరకు పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. మా బోరు నీళ్లు గాజుగొట్టంలో పెరుగుతరకల్లా కనిపించాయి.

వాల్టర్ సీసాలు పట్టుకుని చెలమల దగ్గరికి పోయాడు. అవెందుకయ్యా, బోరు సంగతి చూడక అని విసుక్కున్నాను. తిరిగొచ్చి బోరుకి దగ్గరగా ఉన్న చెలమ నీళ్లలో చుక్కలు వేశాడు. అవీ తెల్లబడ్డాయి.

"ఇంజను ఆపాలి," అన్నాడు.

"ఆపితే వీళ్లెక్కడ తాగాలి?"

"ఆపకపోతే చెలమలు పోతాయి. అప్పుడెక్కడ తాగుతారు?"

ఎక్కడో నాకు తెలుసు. బోరు రాకముందు ఏడాదిలో కొన్ని నెలలే ఆ రైతుల గట్టు కింద నిలబడేవారు. చెలమలు కూడా పోతే ఏడాది పొడుగునా అదే గతి. పోనీ ఇంజను ఆపేద్దామంటే, ఈ ఎండల్లో మళ్లీ ఆ గట్టుకి పొమ్మని వీళ్లకి ఏ ముఖంతో చెప్పడం? ఆ మాట నువ్వే చెప్పుకో అన్నాను వాల్టర్‌తో. సరేనన్నాడు.

పడవలు తిరిగొచ్చాక, సాయంత్రం వలలు ఆరబెట్టే చోట జనం కూడారు. వాల్టర్ కొంత తెలుగులో, తడబడితే ఇంగ్లీషులో చెప్పాడు. ఇంగ్లీషుని నేను తెలుగు చేశాను. అతను బోరు ఊసెత్తలేదు. తన ఊరి కథ చెప్పాడు.

అతని ముత్తాతల కాలంలో విన్‌లో పాయింట్‌లో ఉన్నదీ జాలర్లే. చలిదేశపు జాలర్లు, చలికాలం గడ్డాల మీద మంచు పేరుకునేదట. ప్రతి ఇంటి పెరట్లో ఇసకలో ఒక చిన్న నుయ్యి ఉండేది. తర్వాత రైలు వచ్చింది. ఉక్కపోతకి తాళలేని పట్నం జనం సముద్రపు గాలికి రావడం మొదలుపెట్టారు.

అప్పన్న ఆపాడు. "గాలికా? గాలి పీల్సుకోడానికి రైలెక్కి వస్తారేటి?"

"డబ్బులిచ్చి మరీ వస్తారట," అన్నాను.

"మనం పుట్టిన కాణ్ణుంచి పీలస్తన్నాం గదా, ఏటొరిగింది," అన్నారెవరో. అందరూ నవ్వారు.

వచ్చినవాళ్లకి గదులు కావాలి. వాల్టర్ తాత పడవ అమ్మేసి మంచాలు కొన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. "పడవమ్మీసినాడా?" అన్నాడు అప్పన్న. తల్లిని అమ్మేశాడని విన్నంత పనైంది అక్కడ. నేను సరిగ్గా తెలుగు చేయలేదేమోనని వాల్టర్ కేసి చూశాడు. వాల్టర్ తలూపాడు. ఆ ఇల్లు అప్పటినుంచీ లాడ్జింగు, ఇప్పుడు వాళ్లమ్మ నడుపుతోంది. వేసవిలో వీధి నిండా గొడుగులు, పిల్లలు, ఐస్‌క్రీం బళ్లు. చలి మొదలవగానే హోటళ్ల కిటికీలకి చెక్కలు కొట్టేస్తారు. ఇక మిగిలేది కొద్ది కుటుంబాలు. పొద్దున్న ఎవరింటి పొయ్యి గొట్టంలోంచైనా పొగ రాకపోతే పక్కింటివాళ్లు వెళ్లి తలుపు కొడతారు.

"మరి సేపలోల్లేటయ్యారు?" అని అడిగాడు అప్పన్న.

"కొంతమంది హోటళ్లలో వడ్డిస్తారు. నేను కూడా వడ్డించాను," అన్నాడు వాల్టర్.

అప్పుడు నీళ్ల కథకి వచ్చాడు. హోటళ్లవాళ్లు లోతు బోర్లు వేసి, వచ్చినవాళ్ల స్నానాలకి పంపులతో తోడారు. ముందు సముద్రం వైపు వీధిలో నూతులు ఉప్పనయ్యాయి. తర్వాత నడివీధివి. ఆఖరికి వాళ్ల నాయనమ్మ పెరటి నుయ్యి. ఆవిడ దాని మీద చెక్కలు కప్పించి పూలకుండీలు పెట్టుకుంది. అది వాల్టర్ పుట్టకముందు మాట.

ఎందుకలా అవుతుందో చెప్పడం నా వంతైంది. ఇసకదిబ్బ కింద ఉన్న తీపి నీరు వానది. అడుగున ఉన్న ఉప్పునీటి మీద అది తరవాణి కుండలో తేటలాగ నిలిచి ఉంటుంది. పైపైన ముంచుకుంటే తేట వస్తుంది. కుండ అడుగుకి గొట్టం దింపి లాగితే మడ్డి పైకి లేస్తుంది.

పోలమ్మ లేచి నిలబడింది. ఆవిడకి కోపం వచ్చింది. "అయితే మావు ఆ సిప్పతోనే ముంచుకుంటా సావాలేటి? మీ ఊరోల్లు మాత్రం పైపులోన తాగతన్నారు గదా. ఆ నీల్లు ఏ కాడ్నుంచి వస్తన్నాయి?"

"అఖాతం అవతల ఇంకో ఊరు ఉంది. వాళ్ల చెరువు నుంచి," అన్నాడు వాల్టర్. "వాళ్లు ఇస్తే తాగుతాం. ఎండలెక్కువైతే ముందు మాకే కట్టేస్తారు. మావాళ్లు వెళ్లి బతిమాలుతారు."

ఇది అతను తెలుగులోనే చెప్పాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ. పోలమ్మ అతని దగ్గరికి వచ్చింది.

"అయితే మీరూ నిలబడతన్నారా బాబూ, ఆల్ల గట్టు కాడ?"

"నిలబడుతున్నాం," అన్నాడు.

ఆవిడ తిన్నగా ఇంజను దగ్గరికి వెళ్లింది. ఆ రోజుల్లో ఆయిల్ ఇంజను తిప్పాలంటే ఇనుప హ్యాండిల్ ఒకటి ఉండేది, అది లేకపోతే ఇంజను కదలదు. దాన్ని ఊడదీసి తన చేపల గంపలో పడేసింది. "సాల్లే," అని ఇంటికి పోయింది. అప్పన్న కూడా లేచి ఆవిడ వెనకాలే నడిచాడు.

ఆ ఎండాకాలంలో మిగిలిన రోజులు ఊరి ఆడవాళ్లు మళ్లీ గట్టు కిందే నిలబడ్డారు. ఒకరోజు వాల్టర్ కూడా బిందె పట్టుకుని వాళ్ల వెనకాల నిలబడ్డాడు. తెల్లదొరని చూడడానికి రైతుల ఊరంతా నూతి దగ్గర చేరింది, నీళ్లు పోసేవాళ్లు పని ఆపేశారు. "నీ పున్నెం ఉంటాది, ఎలిపో బాబూ. నీవల్ల మాకు నీల్లు ఆగిపోతన్నాయి," అని పోలమ్మ అతన్ని తరిమేసింది. ఆ సంగతి అతనే చెప్పుకుని నవ్వేవాడు.

ఎ.ఇ. గారు వచ్చి ఇంజను తిప్పమన్నారు. హ్యాండిల్ ఏదీ అని అడిగితే పోలమ్మ గంప ముందు పెట్టి, "ఇందలోనే ఉన్నాది బాబూ, తీసుకోండి," అంది. దాని పైనంతా చేపలు, కవ్వళ్లు, పక్కెలు. ఆయన శుద్ధ శాకాహారి. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ సందులో నేను మూడు గాజుగొట్టాలు చూపించాను. బోరు నీళ్లు, దగ్గరి చెలమవి, దూరపు చెలమవి; దూరపువి మాత్రమే తెల్లబడలేదు. ఆయన మొండివాడు గాని తెలివితక్కువవాడు కాదు. వాటిని ఎండకేసి పట్టి చాలాసేపు చూసి, "సరే, గ్యాలరీకి ఎస్టిమేట్ వెయ్యి," అన్నారు.

ఇన్‌ఫిల్ట్రేషన్ గ్యాలరీ అంటే లోతుకి పోకుండా అడ్డంగా పోవడం. వానలు వెళ్లాక, దిబ్బ పొడుగునా, తీపి నీటి పొరలోనే కందకం తీశాం. అతుకులు వదులుగా ఉంచి మట్టిగొట్టాలు పరిచి, చుట్టూ గులకరాళ్లు పోశాం. నీరు నలుమూలల నుంచీ కొంచెం కొంచెంగా ఊరి, చివరనున్న నూతిలోకి చేరుతుంది. నూతికి పైన మూత, మూత మీద రెండు చేతిపంపులు. ఇంజను వేరే ఊరికి పోయింది. వానలకి బోరు పక్క చెలమ కూడా మళ్లీ తీపి తిరిగింది.

చేతిపంపు మొదట కొట్టింది పోలమ్మ. తను తాగి, వాల్టర్‌ని రమ్మంది. అతను దోసిలి పట్టి తాగాడు, మళ్లీ పట్టాడు. కళ్లు తుడుచుకుంటుంటే చెమటేమో అనుకున్నాను.

"మా నాయనమ్మ పోయేదాకా ఆ నూతి నీళ్ల రుచే చెప్పేది. ఆవిడ గొప్పలు చెబుతోందనుకునేవాణ్ణి," అన్నాడు. "ఇలాగే ఉండేవి కాబోలు."

మరుసటి ఏడు అతను వాళ్ల దేశం వెళ్లిపోయాడు. నీరు ఎంత వస్తుందో లెక్కగట్టడం నాకు చదువులో నేర్పారు. ఎంత దగ్గర ఆపాలో ఎవరూ నేర్పలేదు. ఆ పాఠం నేనెన్నడూ చూడని ఊరొకటి తన నూతులు పోగొట్టుకుని నేర్చుకుంటే, పడవ అమ్ముకున్న ఇంటి మనవడు మా దిబ్బ దాకా మోసుకొచ్చాడు. ఆ తర్వాత సముద్రం ఒడ్డున ఏ ఊళ్లో పనిచేసినా, టేపు తియ్యకముందే ఒక మాట అడిగేవాణ్ణి. ఇప్పుడు మీరెక్కడ తాగుతున్నారు? చూపించిన చోటికి వెళ్లి, అక్కడి నీళ్లు ఒక దోసెడు తాగి, అప్పుడు పని మొదలుపెట్టేవాణ్ణి.

బదిలీ అయిన కొన్నాళ్లకి, నడి వేసవిలో ఒకసారి అటు వెళ్లాను. పోలమ్మ కొడుక్కి పెళ్లయింది. కొత్త కోడలు పంపు దగ్గర బిందె నింపుతోంది. అవతలి ఊళ్లో నాకు చిన్న పని ఉంది. ఏరు దాటాక రైతుల నూతి మీదుగా దగ్గర దారి ఉండేది కదమ్మా, ఎటు పోవాలి అని ఆ పిల్లని అడిగాను. ఆ పిల్ల తెల్లబోయి అత్త వైపు చూసింది.

"దానికి తెల్దు బాబూ," అంది పోలమ్మ. "ఆ నూతికాడికి దారి మా కోడలికి తెల్దు."