నీలి కాగితం మీద చేతులు

స్ఫూర్తి కెమెరాతో వేలిముద్రలు దొంగిలిస్తుందన్న మాట పొద్దున మాదన్నపేట కూరగాయల మార్కెట్లో పుట్టి, సాయంత్రానికల్లా గల్లీ చివరి దాకా వచ్చింది. అందులో నిజం ఒక్కటే. ఆ పిల్ల చేతుల ఫోటోలు తీస్తుంది. మిగతాదంతా కొమురమ్మ బొటనవేలు తెచ్చిన లొల్లి.

కొమురమ్మ ఆ మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. ఆమె ముంజేతి మీద ఎప్పుడో చిన్నప్పుడు పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు ఉంది. స్ఫూర్తి దాన్ని ఫోటో తీసుకుపోయిన వారానికి, రేషన్ షాపులో కొమురమ్మ బొటనవేలి ముద్ర మిషన్ మీద పడలేదు. మూడుసార్లు నొక్కింది. మూడుసార్లూ మిషన్ కాదంది. బియ్యం లేకుండా తిరిగొచ్చి రాధాబాయి గడపలో కూలబడింది.

"గా పిల్ల ఫోటువ తీసిన సంది గిట్లయింది, రాధాబాయమ్మా. నా ఏలు ఆమె డబ్బాలకు పోయింది."

రాధాబాయి ఊరుకునే మనిషి కాదు. ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగలదు. పైగా స్ఫూర్తి అద్దెకుంటున్నది ఆమె ఇంటి పై గదిలోనే. ముహూర్తాల రోజుల్లో ఆ పిల్ల పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తుందని అందరికీ తెలుసు. మిగతా రోజుల్లో ఏం చేస్తుందో నాలుగు నెలలైనా రాధాబాయికే అంతుపట్టలేదు.

ముసలమ్మల మొహాలు తీయదు. మోచేతి నుంచి వేళ్ల దాకా తీస్తుంది. పుట్టినూరు ఏదని, పచ్చబొట్టు పొడిచింది ఎవరని అడిగి పుస్తకంలో రాసుకుంటుంది. పుట్టినూరుతో కెమెరాకేం పని? బట్టలు ఆరేసే వంకతో రాధాబాయి డాబా ఎక్కి చూస్తే, ఏదో మందు పూసిన కాగితాలు, వాటి మీద ఫోటో ఫిల్ములు, అద్దాల కింద ఎండకు పరిచి ఉన్నాయి. కాసేపయ్యాక ఒకదాన్ని బకెట్ నీళ్లలో జాడిస్తే కాగితమంతా నీలంగా తేలింది, నడుమ తెల్లగా ఒక చెయ్యి. అచ్చం ఆఫీసుల్లో వేలిముద్ర వేయించుకునే సిరా రంగు. అందరూ కంప్యూటర్ల మీద చేసుకునే పనిని ఈ పిల్ల బకెట్లో చేయడమేమిటి?

ఇంకొకటి కూడా ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. గల్లీలో ముసలమ్మలందరినీ చేతులు చూపమన్న పిల్ల, కింద ఇంట్లో ఉన్న తనను మాత్రం ఒక్కసారీ అడగలేదు. మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా రవిక తొడుక్కునే రాధాబాయి, అడిగినా చూపేది కాదు. అయినా అడగకపోవడం వెనక ఏదో ఉందనిపించింది.

ఆ పిల్లను ఖాళీ చేయించమని నలుగురూ అన్నారు. రాధాబాయి బీరువా వెనక నుంచి టులెట్ బోర్డు తీసి దుమ్ము దులిపింది. అయితే సంగతి తేల్చుకోనిదే ఆమెకు అన్నం సయించదు. మర్నాడు కొమురమ్మను వెంటబెట్టుకుని రేషన్ షాపుకు నడిచింది.

డీలర్ బాలనర్సింహ కొమురమ్మ వేళ్లను వెలుతురుకు తిప్పి చూసి, ఈ నెల ఏం పని చేశావని అడిగాడు. గిరాకీ లేక పచ్చళ్ల వాళ్లకు వెల్లుల్లి ఒలుస్తున్నానని ఆమె చెప్పింది.

"ఇగ గీతలు యాడుంటయవ్వా? గా ఘాటుకు అన్ని అరిగిపాయె. కెమెరా ఏం జేస్తది?" అంటూ ఎడమచేతి నడిమి వేలు పెట్టించాడు. మిషన్ ఒప్పుకుంది. బియ్యం సంచిలో పడ్డాయి. ఇక ఆ మాట మార్కెట్లో ఎత్తనే ఎత్తనని కొమురమ్మ సిగ్గుపడింది. ఎత్తాల్సిందే, తప్పైందని చెప్పాల్సిందేనని రాధాబాయి పట్టుబట్టింది.

దొంగతనం కాదని తేలింది. మరెందుకన్నది తేలలేదు. రాధాబాయి బోర్డు చంకలో పెట్టుకునే డాబా ఎక్కింది. స్ఫూర్తి బకెట్ ముందు కూర్చుని ఒక కాగితాన్ని జాడిస్తోంది. కొమురమ్మ తేలు దాని మీద మెల్లగా తేలుతోంది.

"సూడు బిడ్డా, సక్కగ అడుగుతున్న, సక్కగ చెప్పు. లేకుంటె ఒకటో తారీఖుకు గది ఖాళీ చెయ్యి. గీ చేతులన్ని నీకెందుకు? అందర్ని అడిగినవ్, నన్నెందుకు అడగలే?"

స్ఫూర్తి కాగితాన్ని తీగకు తగిలించి, తడి చేతులు చున్నీకి తుడుచుకుంది. బోర్డును చూసింది. రాధాబాయి రవిక చేతుల్ని చూసింది.

"మా నాయనమ్మ చేతి మీద పచ్చబొట్టు ఉండెనమ్మా. మా నాయన ఆఫీసరైనంక ఎవరన్న నవ్వుతరని నిండు చేతుల రవికలే తొడిగింది. ఇంట్ల గన్ని ఫోటోలున్నయి, ఒక్కదాంట్ల గూడ ఆ చెయ్యి లేదు. పోయినంక స్నానం పోస్తుంటె చూసిన. గప్పుడు కెమెరా తియ్యబుద్ధి కాలే. ఇప్పుడు ఎంత గీసినా ఆ బొమ్మ యాదికొస్తలేదు. ఎవరి చేతి మీదన్న గసొంటిది కనపడ్తదేమో అని తిరుగుతున్న. మీరు గిన్నెలు తోమేటప్పుడు గూడ చేతులు పైకి జరపరు. ఆమె గూడ జరపకపోయేది. ఆమెను నేను ఏనాడు అడగలే. మిమ్మల్ని అడుగుదామంటె నోరు రాలే."

రాధాబాయి బోర్డును గోడకు ఆనించి, రవిక చెయ్యి పైకి జరపసాగింది.