మోటారును ఎవరూ ముట్టుకోలేదట!

ఈ రోజు వార్త రాయడానికి నరసరావుపేటలో ఒక ఐటీఐకి వెళ్లాను. ఎలక్ట్రీషియన్ విద్యార్థులకు ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. అక్కడి మాస్టారు నీళ్ల మోటారును తనే చెడగొట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని రైతులా కూర్చుంటారు. విద్యార్థి ఆయన్ని అడిగి లోపం కనిపెట్టాలి. పోయినసారి ఏమీ అడగకుండా మోటారు విప్పేసి తప్పిన మల్లీశ్వరి వంతు వచ్చింది. ఈసారీ తప్పితే అప్రెంటిస్ అవకాశం పోతుంది.

"ఏంది బాబాయ్ కష్టం?"

"తిరుగుతంది గానీ నీళ్లు సరిగ్గా రావట్లేదమ్మా."

"వైర్లు ఎవరన్నా తీశారా?"

"అబ్బే, ఎవరూ ముట్టుకోలేదు."

ఆమె కరెంటు ఆపి స్టార్టర్ పెట్టె తెరిచింది. "మరి స్క్రూల మీద ఈ కొత్త గీతలేంది బాబాయ్? మోటారు బాగానే ఉంది. నీ మాటే తేడాగా ఉంది."

"మా బామ్మర్ది తీసి బిగించాడులే," అన్నారు మాస్టారు. తరగతంతా నవ్వింది.

తారుమారైన రెండు వైర్లను ఆమె మార్చి బిగించింది. ఉల్టా తిరుగుతున్న మోటారు దారికొచ్చింది, నీళ్లు దూకాయి. మల్లీశ్వరి పాసైంది.

"ఎవరూ ముట్టుకోలేదు" అనే జవాబును నేను చానా ఆఫీసుల్లో విని, అలాగే రాసుకుని వచ్చాను. స్క్రూలు చూడమని నాకెవరూ నేర్పలేదు.

ఇంతకీ మీ ఇంట్లో మిక్సీ చెడిపోయే ముందు దాన్ని విప్పింది ఎవరు? నిజం చెప్పండి.