రాజుగారి వాకిట్లో గుంట

తబిత మిషను ముందు కూర్చుందంటే కబుర్లూ ఆగవు, కుట్టూ ఆగదు. రాజమండ్రిలో ఆ సందుకి దిగువ చివరన ఆమె ఇల్లు. ముందుగదే టైలరింగ్ షాపు. గట్టి వాన పడిందంటే సందులో నీళ్లన్నీ తిన్నగా షాపులోకే. కిందటేడు ఓ పెళ్లికూతురి పట్టు జాకెట్టు ఆ బురదలో నానిపోయింది. ఇంకోసారి అలా జరిగితే షాపు మూసుకోవడమే.

అందరూ చేసేదే తనూ చేసింది. గడప ముందు సిమెంటు గట్టు కట్టించింది. ఆ నీళ్లు కాస్తా పక్కింటి మరిడమ్మ మంచం కిందికి చేరాయి. పాపం ముసలావిడ! తబిత మనసు చివుక్కుమంది. గట్టు పగలగొట్టించేసి, మళ్లీ వాన పడ్డ రోజున గొడుగేసుకుని నీళ్లకి ఎదురు నడిచింది. ఎగువన కొబ్బరి వ్యాపారి అమ్మిరాజుగారి డాబా. పైకప్పు నీళ్లు, సిమెంటు వాకిలి నీళ్లు, అన్నీ ఆయన గేటులోంచే వస్తున్నాయి.

"రాజుగారూ, మీ వాన మీరే ఉంచుకోండి. నాకెందుకండీ పంపిస్తారు?" అంది.

ఆయన పకపకా నవ్వారు. వాన వెలిశాక తబిత కుట్టుపని చాక్‌పీసుతో ఆ వాకిట్లోనే గీత గీసింది. "ఇంతమేర గుంట తవ్వి, అడుగున ఇటుక ముక్కలు, ఇసుక పోయిద్దామండి. పైకప్పు నీళ్ల గొట్టం ఇందులోకి తిప్పి, పైన మెట్టతామర మొక్కలు వేద్దాం. మర్నాటికి ఇంకిపోతే దోమలూ రావు."

రాజుగారు తవ్వించారు. కానీ పూలమడి గుంటలా ఉండటం ఆయనకి బొత్తిగా నచ్చలేదు. కడియం నర్సరీల నుంచి మట్టి తెప్పించి, గుట్టగా పోయించి, మీద క్రోటన్లు నాటించారు. తొలివానకే ఆ మట్టంతా తబిత షాపులో తేలింది.

"నీళ్లు చాలవనా అండీ, మట్టి కూడా పంపారు?" అందామె, ఏడుపు గొంతుతో.

ఆయన లుంగీ ఎగ్గట్టి, తనే పార పట్టి గుట్టంతా తీసేసి మళ్లీ గుంట చేశారు.

శ్రావణంలో కుండపోత. షాపు నిండా పెళ్లి జాకెట్లు. తబిత అన్నీ బల్లమీదికి ఎక్కించి, కాళ్లు స్టూలుమీద పెట్టుకుని, గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. వాన తగ్గుతుండగా ఫోను మోగింది.

"తబితమ్మా, వచ్చాయా నీళ్లు?"

"లేదండి."

"సరిగ్గా చూసి చెప్పమ్మా!"

తబిత మెల్లగా పాదం కిందికి దించింది. గచ్చు పొడిగా తగిలింది.

"చుక్క లేదండి, రాజుగారూ!"

"హమ్మయ్య! పొంగితే తోడేద్దామని అప్పట్నుంచీ బకెట్టు పట్టుకుని గుంట దగ్గరే నిలబడ్డాను. ఇంక లోపలికెళ్లి తల తుడుచుకుంటానమ్మా."

తబితకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.