బట్ట తగిలితే చాలు

మా పెద్దమ్మ దర్జీ. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచీ నేను ఆమె దగ్గర హుక్కులు కుడుతున్నాను. ఒకసారి మిషను సూది ఆమె వేలిగోట్లో దిగి విరిగింది. కొలతలివ్వడానికి వచ్చినావిడ ఎదురుగానే ఉంది. పెద్దమ్మ పెదవి కదపలేదు.

"దర్జీ 'అమ్మా' అందంటే, బట్టకి నెత్తురంటిందేమో అనుకుంటారే పిల్లా," అంది తర్వాత.

అలాంటి మనిషి, కడుపులో గడ్డ తీయించుకున్న మూడో వారం, ఒళ్లో పడ్డ పల్చటి సిల్కు ముక్కకి కెవ్వుమంది. నా చేతిలో కత్తెర జారిపోయింది. గాయం చక్కగా మానింది. "నాకన్నా నీటుగా కుట్టారు," అని ఆమే మెచ్చుకుంది. కానీ దాని చుట్టూ జానెడు మేర బట్ట ఆనితే చాలు, నిప్పు పెట్టినట్టుండేది. ఒళ్లోకి బట్ట రాకుండా మిషను కుట్టేదెలా? దుకాణం మూతపడింది.

నొప్పుల డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన గాయాన్ని ముట్టుకోనే లేదు. మోకాళ్ల కింద వెంట్రుకంత సన్నని సూదులు గుచ్చి, వాటికి వైర్లు తగిలించారు. వాటిలోంచి సన్నగా కరెంటు పంపుతానన్నారు.

"కోసినప్పటి బెదురు మీ నరాలకింకా వదల్లేదమ్మా. తాకితేనే కోసినట్టు గోల చేస్తున్నాయి. కాలి నరాల ద్వారా వాటిని నెమ్మదింపజేయడానికే ఇది. చీమలు పాకినట్టనిపించగానే చెప్పండి, అక్కడితో ఆపుతాను."

బుడిపె తిప్పారు. పెద్దమ్మ గోడ వైపు చూస్తోంది.

"తెలుస్తోందా?"

పలకలేదు. ఇంకా తిప్పారు. ఆమె కాలి బొటనవేలు దానంతటదే ఎగిరెగిరి పడుతోంది. మొహం మాత్రం రాయి.

కొత్తవాళ్ల ముందు నోరు విప్పని నేను, "ఆపండి! ఆమె చచ్చినా చెప్పదండీ!" అని అరిచాను.

ఆయన ఠక్కున తగ్గించారు. "ఎందుకమ్మా ఓర్చుకున్నారు?"

"మీ పనికి అడ్డమెందుకని."

"మీరు చెబితేనే కదమ్మా నా పని! ఆపరేషనయ్యాక నొప్పికి మందు వేసుకున్నారా?"

"అడిగారు. నొప్పి లేదన్నాను."

"నొప్పిని అలా వదిలేస్తే, ఒక్కోసారి ఇలాగే ముదురుతుంది."

నర్సు అడిగిన ప్రతిసారీ నేను మంచం పక్కనే ఉన్నాను. మా పెద్దమ్మ ఎంత గట్టిదో అని మురిసిపోయాను కూడా.

ఆ తర్వాత ఏడుసార్లు వెళ్లాం. మంట పూర్తిగా పోలేదు, సగానికి దిగింది. నిన్న దుకాణం తెరిచి మిషను ముందు కూర్చుంది. కోటు గుడ్డ ఒళ్లోకి జారింది.

"నొప్పెడుతోందే," అంది మెల్లగా.

ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదలు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, గుడ్డ బరువంతా నా ఒళ్లోకి తీసుకున్నాను. మిషను కదిలింది.